మబ్బు పాటలో ఆరో గొంతు

మా యూనివర్సిటీ పాటల బృందానికి ఇప్పుడొక వాట్సాప్ గ్రూపు ఉంది. ఒకప్పుడు గొంతులు సవరించుకుంటూ తిరిగినవాళ్ళంతా అందులో ఉన్నారు. తెల్లవారేసరికి గులాబీలూ, శుభోదయాలూ, మోకాళ్ళ నొప్పికి మెంతుల వైద్యాలూ పంపుకుంటారు. పాట ఒక్కటి తప్ప అన్నీ ఉంటాయి. నేను ఆ బృందంలో ఏనాడూ పాడలేదు. ఎంపిక రోజు నేను సరిగమలు ఎత్తుకోగానే సారు చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు శ్రుతిపెట్టె చూసుకోమ్మా" అన్నారు. ఆ పెట్టె మీట తిప్పడం, అభ్యాసం అయ్యాక దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టడం, ఇదీ నా సంగీత జీవితం. ఆ అర్హతతోనే నన్నూ గ్రూపులో చేర్చుకున్నారు. పోయిన వారం, అప్పట్లో తబలా వాయించినాయన, అటక మీద దొరికిన పాత వీడియో క్యాసెట్టును ఎవరి చేతో బాగుచేయించి, ఫోనులో చూసుకునేలా మార్పించి పెట్టాడు. మావాళ్ళు కప్పు గెలిచిన సమూహగానం అది. దండాలూ, ఎర్ర గుండెలూ వరసపెట్టి కురిశాయి. రిటైరైపోయిన సారు కూడా, "ఎంత చక్కగా కలిసిపోయిన గొంతులు!" అని రాశారు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. ఆ వీడియోలో ఆరుగురు నోరు తెరుస్తారు. వినిపించేవి ఐదు గొంతులే. వినిపించని ఆరో గొంతు మా అక్కది. పాట కూడా మా అక్కదే.

అక్క అంటే మా పెదనాయన కూతురు. వాళ్ళది క్యాసంబళ్ళి, మాది బేతమంగళ, రెండూ కోలారు బంగారు గనుల పక్క ఊళ్ళు. పెదనాయనకు రెండు ఉద్యోగాలు. పగలు కేజీఎఫ్ గనిలో, భూమి అడుగున, బండకు బొక్కలు పెట్టే మిషన్ పట్టుకోవడం. సాయంత్రాలు ఊళ్ళో చెక్కభజన. సైకిలు మీద పోయి, సైకిలు మీద వచ్చి, ఒంటికంటిన దుమ్ము కడుక్కుని, చేతికి చెక్కలు తగిలించుకునేవాడు. మొదటి ఉద్యోగం జీతం ఇచ్చింది, రెండో ఉద్యోగం పేరు ఇచ్చింది. ఆ మొదటిది మెల్లమెల్లగా రెండోదాన్ని తినేసింది. మిషన్ మోత చెవుల్లోకి దూరి కూర్చుంది. అక్క లంగాలు కట్టే వయసులో ఆయనకు కొంచెం వినిపించేది. అక్క హైస్కూలుకు వచ్చేసరికి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తేనే. డిగ్రీకి వచ్చేసరికి అదీ లేదు. అయినా భజన మానలేదు. అరచేతిలో చెక్కలు అదిరే అదురు పట్టుకుని, ఎదుటివాళ్ళ నోళ్ళు చూసి పాడేవాడు. తాళం తప్పేది కాదు. శ్రుతి మాత్రం ఎటో పోయేది. భజనవాళ్ళు ఆ ముక్క ఆయనకు చెప్పలేదు, ఆయన ఎటు పోతే అటే అందరూ పోయేవాళ్ళు. మనుషులు మనుషులతో అంత మర్యాదగా ఉండటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు, యూనివర్సిటీలో అసలే చూడలేదు.

ఆయన సొంతంగా కట్టిన పాట ఒకటి ఉంది. మబ్బును తిట్టే పాట. మా సీమలో మబ్బులకు ఒక పాడు అలవాటు. నంగలి కనుమ దాకా ముచ్చటగా వచ్చి, మన నెత్తిన నిలబడి, ఉరిమి, ఆశ పెట్టి, అవతలికి పోయి కురుస్తాయి. "పోయి పోయి పక్కూరి చేన పడితివే మబ్బులమ్మా, మా రాగిచేను నీకేమి చేసెనే మబ్బులమ్మా" అని దాని పల్లవి. ఆ చివరి 'మబ్బులమ్మా' దగ్గర గొంతు పైకెత్తి, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వినిపించేలా లాగాలి. అది పాడటం కాదు, పిలవడం. సగం తిట్టు, సగం బతిమాలడం. పెదనాయనకు చెవులు ఉన్న రోజుల్లోనే ఆ పిలుపును అక్కకు నేర్పాడు. అక్క దాన్ని పట్టుకుంది. ఆయన పెద్దయిన అక్క గొంతును ఎన్నడూ వినలేదు. ఆయన చెవుల్లో ఉన్నది చిన్నపిల్ల గొంతు. "ఇప్పుడెట్ల పాడతాదో నా బిడ్డ" అని మా అమ్మను అడిగేవాడట. బాగా పాడతాదని అమ్మ చేతులతో చెప్పేది. ఆయన తృప్తిగా తల ఊపేవాడు.

యూనివర్సిటీలో మేమిద్దరం ఒకే హాస్టల్లో ఉన్నాం. అక్క రెండో ఏడు, నేను మొదటి ఏడు. పాటల బృందానికి ఇచ్చిన గది ఒకప్పటి కెమిస్ట్రీ లేబొరేటరీ. గోడల్లో ఇంకా ఆ ఘాటు ఉండేది, పై స్వరం ఎత్తుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు దగ్గేవాళ్ళు. సింకుల్లో కీబోర్డు వైర్లు పెట్టేవాళ్ళు. సారు మంచి సంగీతం తెలిసిన మనిషి, ఆ మాట నేను కాదనను. ఉతికిన తెల్ల చొక్కా, నుదుట సన్నటి గంధం, మాటకు ముందు చిరునవ్వు. ఒక్కనాడు గొంతు పెంచి ఎరగరు. గొంతు పెంచని మనుషులంటే నాకు ఇప్పటికీ భయం, అది ఆయన పుణ్యమే. యువజనోత్సవంలో జానపదం విభాగానికి స్థానికమైన పాట కావాలని వెతుకుతున్నప్పుడు అక్క మబ్బు పాట పాడి వినిపించింది. కిటికీ బయట సైకిళ్ళ దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు. సారు కళ్ళు మూసుకుని విని, "ఇదే మన పాట" అన్నారు. అక్క ముఖం వెలిగిపోయింది. పాపం, 'మన' అన్న మాట ఆమెకు అప్పుడు చాలా తియ్యగా వినిపించింది.

పాట నేర్పడానికి అక్కకు రెండు వారాలు పట్టింది. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఎక్కడ విరవాలో, ఎక్కడ లాగాలో చెప్పింది. ఆరుగురిని సారు మూడు జంటలు చేశారు. ఒక్కో చరణం ఒక్కో జంటది, పల్లవి అందరిది. ఆఖరి చరణం, అందులోని పెద్ద పిలుపుతో సహా, అక్కకూ, కేజీఎఫ్‌లో గని కూలీల లైను ఇండ్ల నుంచి వచ్చే ఒక అమ్మాయికీ పడింది. ఆ అమ్మాయిది చర్చిలో పాడి పాడి నునుపుదేరిన గొంతు. మంచి పిల్ల. సంచిలో ఎప్పుడూ గొంతు బిళ్ళలు ఉండేవి, అక్కకు ఒకటి ఇవ్వందే తను వేసుకునేది కాదు. మొదట్లో జంట బాగానే కుదిరింది. ఆ తర్వాత సారు 'చేతులు' మొదలుపెట్టారు.

చేతులంటే మా బృందంలో ఒక ఆచారం. సారుకు ముందు ఉన్న సారు పెట్టారో, ఈయనే కనిపెట్టారో నాకు తెలీదు. ఒకరు గది మధ్యన నిలబడతారు. మిగతావాళ్ళు గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని నిలబడి, అందరూ కలిసి పాడతారు. మధ్యనున్న మనిషి గొంతు విడిగా చెవికి తగిలిందా, వెంటనే చెయ్యెత్తాలి. ఎవరెత్తారో గోడవైపు ఉన్నవాళ్ళకు తెలీదు. మధ్యనున్న మనిషికి మాత్రం వీపులూ, వాటి మీద లేచిన చేతులూ బాగా కనిపిస్తాయి. చేతులు లేస్తే ఆ మనిషి గొంతు తగ్గించుకోవాలి. మళ్ళీ పాట, మళ్ళీ చేతులు. ఒక్క చెయ్యీ లేవని దాకా ఇదే. "సమూహగానంలో ఎవురూ కనపడకూడదు, పాటే కనపడాల" అనేవారు సారు. వినడానికి ఎంత గొప్పగా ఉందో చూడండి. ఇంకో చిన్న నియమం కూడా ఉండేది, దాన్ని ఎవరూ బయటికి అనేవాళ్ళు కాదు. చెయ్యెత్తనివాడికి చెవి లేదని లెక్క. చెవి లేనివాడికి బృందంలో చోటు లేదు. పోయిన ఏడాది ఒక కుర్రవాడు మొహమాటపడి చెయ్యెత్తకుండా ఊరుకుంటే, సారు నవ్వుతూ అతన్ని శ్రుతిపెట్టె దగ్గరికి పంపారట. నాకు ముందు ఆ పెట్టె చూసుకున్నది అతనే.

అక్క గది మధ్యన నిలబడ్డ మొదటిరోజు, 'మబ్బులమ్మా' దగ్గర ఐదు చేతులూ లేచాయి. ఆ పిలుపును వాళ్ళకు నేర్పిందే ఆమె. నేను మూల పెట్టె దగ్గర కూర్చుని చూస్తున్నాను. అక్క తడబడింది. సారు మెత్తగా, "నీ గొంతు జాస్తి అయితా ఉండాదమ్మా, కేక మాదిరి. ఇంగ కొంచెం తగ్గించు" అన్నారు.

"సార్, అది కేకే సార్. మా నాయన పాడేదీ అట్లే" అంది అక్క.

"మీ నాయన చేన్లో పాడతాడు. ఇది వేదికమ్మా."

అందరూ నవ్వారు. సారూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, అదే నాకు బాధ. ఆమె తగ్గించింది. చేతులు నాలుగయ్యాయి. ఇంకా తగ్గించింది. అలా రోజూ సాయంత్రం తరగతులైపోయాక జరిగేది. మొదట కేక పోయింది. తర్వాత లాగడం పోయింది. తర్వాత ఆ మాటలోని విరుపు పోయింది. రోజుకింత చెక్కుకుంటూ పోయారు. హాస్టలుకు వచ్చాక నేను ఆమె మీద అరిచేదాన్ని. "నీ పాట, నీ గొంతు. వాళ్ళెవరే చేతులెత్తేదానికి? నోరు తెరిచి గట్టిగా పాడి పారెయ్" అనేదాన్ని. ఆమె బట్టలు మడతపెట్టుకుంటూ, "అందురూ ఎత్తినాక, తప్పు నా దగ్గరే ఉంటాది కదే" అనేది. అంతమంది ఒకే మాట అంటే అది నిజం కాక ఏమవుతుందని ఆమె నమ్మకం. మంచివాళ్ళకు ఇదొక జబ్బు.

ఒకరోజు మెస్సులో లైను ఇండ్ల అమ్మాయిని నిలదీశాను. "మా అక్క గొంతు నీకు అంత అడ్డమొస్తా ఉందా?" అని అడిగాను. ఆ పిల్ల పళ్ళెంలో ముద్దను కెలుకుతూ కూర్చుంది. తర్వాత తలెత్తకుండానే, "నాకు ఆ గొంతంటే ఇష్టమే. చెయ్యి ఎత్తకపోతే సారు నన్ను తీసేస్తాడు. మా ఇంట్లో నేనొక్కదాన్నే కాలేజీకి వచ్చింది" అంది. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు నిజమే. మర్నాడు సాయంత్రం అందరికంటే ముందు లేచింది కూడా ఆ చెయ్యే.

పోటీకి కొద్దిరోజుల ముందు ఒక సాయంత్రం, అక్క మళ్ళీ మధ్యన నిలబడింది. పాట మొదలైంది. పల్లవి, చరణాలు, ఆఖరి పిలుపు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. నేను పెట్టె ఆపి చూశాను. అక్క పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. గొంతు నరం కూడా కదలడం లేదు. పాట అయిపోయింది. సారు కళ్ళు తెరిచి, రెండు చేతులూ జోడించి, "ఇదీ! ఇప్పుడు కలిసింది చూడు!" అన్నారు. గోడవైపు ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగి చప్పట్లు కొట్టారు. కొందరు నిజంగానే సంతోషించారు. శ్రుతి వెంట్రుకవాసి జారినా పట్టుకునే మనిషికి ఒక గొంతే లేకుండా పోయిందని తెలీదంటే నేను నమ్మను. సారు అక్క దగ్గరికి వచ్చి భుజం తట్టి, "పోటీ దినం కూడా ఇంతే ఉండమ్మా, ఇంతకంటే ఏమీ వద్దు" అన్నారు. నియమాల ప్రకారం వేదిక మీద ఆరుగురు ఉండాలి. ఐదుగురైతే పేరు కొట్టేస్తారు. అక్క మానేస్తే పాట మొత్తం ఆగిపోతుంది. ఆ విషయం సారుకూ తెలుసు, అక్కకూ తెలుసు. ఆ రాత్రి నేను మానెయ్యమంటే ఆమె, "నాయనకు చెప్పేసినారు కదే ఇంట్లో, వస్తా ఉండాడు" అంది. దుప్పటి పరుచుకుంటూ, "పాటన్నా పైకి పోతాది" అంది.

పోటీ కేజీఎఫ్‌లో జరిగింది. గని దొరలు ఒకప్పుడు బిలియర్డ్సు ఆడుకున్న పాత క్లబ్బు హాల్లో. చెక్క నేల, ఎత్తైన కిటికీలు, కిటికీల్లోంచి దూరంగా, బంగారం తీసి పారబోసిన సైనైడు మట్టిదిబ్బల తెలుపు. పెదనాయన గనిలో చేసినన్నాళ్ళూ ఆ క్లబ్బు గేటు దాటింది లేదు, దాటనిచ్చేవాళ్ళూ లేరు. ఆ రోజు ఇస్త్రీ పంచె, భజనకు కట్టే తలపాగాతో వచ్చి, అలవాటుగా చెప్పులు మెట్ల కింద విడిచి, ఒట్టి కాళ్ళతో ఆ చెక్క నేల మీద నడిచాడు. బ్యాడ్జీ పెట్టుకున్న ఒక విద్యార్థి వెనక వరసలోకి పొమ్మని చెయ్యి చూపించాడు. ఆయనకు వినిపించలేదు కాబట్టి తిన్నగా ముందుకు పోయి రెండో వరసలో కూర్చున్నాడు. నేను ఆయన పక్కన చేరాను. చెవుడు వల్ల ఆయనకు జరిగిన మంచి ఏదైనా ఉంటే అది ఆ కుర్చీయే.

మావాళ్ళు వేదిక ఎక్కారు. అక్క ఆకుపచ్చ చీర, లైను ఇండ్ల అమ్మాయి పక్కన, ఇద్దరికీ ఒకే మైకు. తబలా మొదలైంది. పెదనాయన అరచెయ్యి కుర్చీ చెక్క మీద ఆనించి ఆ అదురు పట్టుకున్నాడు. పాట ఏదో పోల్చుకున్నాడు. అది తన పాట అని అక్క ఆయనకు ముందుగా చెప్పలేదు. ఆయన ముఖంలో జరిగింది నేను రాయలేను. వేళ్ళు చెక్క మీద భజన తాళం వేశాయి. ఆఖరి చరణం వచ్చింది. అక్క మెడ ఎత్తి, కళ్ళు మూసుకుని, ఆ పెద్ద పిలుపు పిలిచింది, గొంతు లేకుండా. పక్కనున్న పిల్ల నునుపు గొంతు నెమ్మదిగా, మర్యాదగా, అక్కడ పైకి పోనే పోకుండా దిగి వచ్చింది. హాలంతా ఆ గొంతును విన్నది. పెదనాయన అక్క నోటిని చూశాడు. ఆ నోరు తెరుచుకున్న తీరు ఆయన నేర్పిన తీరే. ఆయనకు అంతా వినిపించింది. గట్టిగా, "అదీ నా తల్లి!" అని అరిచాడు. ముందు వరసలోని న్యాయనిర్ణేతలు వెనక్కి తిరిగి చూశారు.

కప్పు మాదే అయింది. సారు మైకు ముందుకు వచ్చి, ఈ పాటను పల్లెలు తిరిగి సేకరించి బాణీ దిద్దినది తానేనని, ఎంతో వినయంగా, చెప్పుకున్నారు. పెదనాయన చప్పట్లు కొట్టాడు, అందరూ కొడుతున్నారు కాబట్టి. ఆయన పేరు ఎవరూ అనలేదు. మెట్ల కింద చెప్పులు వెతుక్కుంటున్న మనిషి దగ్గరికి అక్క పరుగున వచ్చింది. ఆయన ఆమె రెండు చెంపలూ పట్టుకుని, "నా పాట నీ నోట చూసినానమ్మా. ఇంగ నాకేమీ వద్దు. నువ్వు నాకంటే బాగా పిలిచినావు" అన్నాడు. అక్క ఆయన చేతులు విడిపించుకుని, వాంతి వస్తోందని పక్కకు పోయింది. నిజంగానే వాంతి చేసుకుంది. పొద్దున తిన్న పూరీల వల్ల అని అందరం అనుకునేలా నేను పూరీలను తిట్టాను.

ఆ తర్వాత అక్క పాడలేదు. ముళబాగిలులో సైన్సు టీచరై, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని పెంచి, ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ అయింది. బళ్ళో ప్రార్థన అప్పుడు వరస ముందు నిలబడుతుంది. ఒకసారి దగ్గరగా చూశాను, పెదాలే ఆడుతున్నాయి. పెళ్ళిళ్ళలో పెదనాయన ఆమెను ముందుకు తోసి, "దొరల క్లబ్బులో కప్పు కొట్టిన గొంతు ఇది, వినండి" అనేవాడు. గొంతు నొప్పి అని ఆమె చేత్తో చూపించేది. ఆయన చుట్టాలకు మళ్ళీ మొదటినుంచీ ఆ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ హాలు ఇంకొంచెం పెద్దదయ్యేది, పిలుపు ఇంకొంచెం పైకి పోయేది. చాలా ఏళ్ళపాటు ఆయన అలా మా అక్కను కొట్టాడు. పాపం, ముద్దు పెట్టుకుంటున్నాననుకుని.

ఇక ఈ మధ్యే ఆయనకు చెవి మిషను పెట్టించారు. బావ పూనుకుని బెంగళూరుకు తీసుకుపోయాడు. ఈ వయసులో ఏం పనిచేస్తుందిలే అనుకున్నాం. పనిచేసింది. పెదనాయన చుట్టూ ఉన్న లోకం ఆయనకు ఏమంత నచ్చలేదు. మిక్సీని తిట్టాడు, ఆవు ఇంత గట్టిగా నెమరేస్తుందా అని ఆశ్చర్యపోయాడు, మా పెద్దమ్మ ఇన్నేళ్ళుగా తనను ఏమంటూ వచ్చిందో కొత్తగా విని రెండు రోజులు మాట్లాడలేదు. మొన్న ఆదివారం నేను చూడటానికి క్యాసంబళ్ళి పోయాను. అక్క, బావ అప్పటికే వచ్చి ఉన్నారు. బావ మంచివాడు. లోకంలో సగం అఘాయిత్యాలు మంచివాళ్ళే చేస్తారు. "మామా, ఆ దినం చూసింది ఇప్పుడు విను" అంటూ, అక్క ఫోనులో ఉన్న వీడియోను టీవీకి కలిపాడు. అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో ఆగిపోయింది. నేను, "బావా, ఇప్పుడొద్దు, భోంచేద్దాం" అన్నాను. టీవీలో తబలా మొదలైపోయింది.

పెదనాయన ముందుకు వంగి కూర్చున్నాడు. పల్లవి విన్నాడు, తల ఊపాడు. మొదటి జంట, రెండో జంట. ఆఖరి చరణానికి కెమెరా దగ్గరికి పోయి అక్కనూ, పక్క పిల్లనూ చూపించింది. ఆకుపచ్చ చీర, ఎత్తిన మెడ, తెరిచిన నోరు. ఆయన తల ఊపడం ఆగింది. "మళ్ళీ పెట్టప్పా" అన్నాడు. బావ పెట్టాడు. ఆయన మిషను మీద వేలు పెట్టి సర్దుకున్నాడు. "మళ్ళీ." భజనలో ఇరవైమంది మధ్య ఎవడు మాట మింగాడో పట్టుకున్న చెవులవి. పక్క పిల్ల గొంతు విన్నాడు. దాని పక్కన వెతికాడు. టీవీ దగ్గరికి పోయి, నిలబడి, అక్క నోటి మీద చూపు పెట్టి విన్నాడు. గడపలో అక్క గోడకు ఆనుకుంది. బావ ముఖంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అలాగే ఉండిపోయింది.

పెదనాయన వచ్చి మంచం మీద కూర్చుని, మిషను చెవిలోంచి తీసి, పంచె కొసతో తుడిచాడు. "ఈ మిషన్ సర్యాగ లేదప్పా. ఒక్క గొంతే పట్టుకుంటాది" అన్నాడు బావతో. తర్వాత దాన్ని డబ్బాలో పెట్టి మూత వేశాడు.

ఆయనకు అర్థం కాలేదని అక్క అంటోంది. నాకు మాత్రం ఆ మూత వేసిన చెయ్యి గుర్తుంది. అది అర్థమైన మనిషి చెయ్యి.

అప్పుడు అక్క వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చుంది. "నాయనా" అని, మోకాలు తట్టి, తన నోటివైపు చూపించి, పాడింది. ఇన్నేళ్ళ తర్వాత, గొంతెత్తి. మొదట మూలుగులా వచ్చింది. పల్లవి రెండోసారికి దారి పట్టింది. 'మబ్బులమ్మా' దగ్గర మెడ ఎత్తి, అప్పుడు పిలవాల్సిన పిలుపు ఇప్పుడు పిలిచింది. గొంతు రెండుగా చీలింది. చీలిందే గానీ పైకి పోయింది. పక్కింటివాళ్ళు వాకిట్లోకి వచ్చారు. నేను గబగబా డబ్బా తెరిచి మిషను తీసి ఆయన చెవి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నా మణికట్టు పట్టుకుని పక్కకు తోశాడు. "వద్దులేమ్మా. ఇది నేను ఆ దినమే విన్నాను" అన్నాడు.

అక్క పాట ఆపలేదు. ఆయన మంచం పట్టె మీద అరచెయ్యి ఆనించి, ఆమె నోటినే చూస్తూ, క్లబ్బు హాల్లో వేసిన తాళమే వేశాడు. ఇంట్లో అందరం విన్నాం, వీధి కూడా విన్నది. ఎవరి కోసం ఆ గొంతు ఇన్నేళ్ళు లోపల పడి ఉందో ఆయన ఒక్కడే వినలేదు. మిషను నా చేతిలో సన్నగా కూస్తూ ఉంది. కాలం మా అక్కకు గొంతు తిరిగి ఇచ్చింది, మా పెదనాయనకు చెవులు తిరిగి ఇచ్చింది, ఆ రెండింటినీ ఒకే పూట ఒకే గదిలో కూర్చోబెట్టింది కూడా. కలపడం మాత్రం దానికి చేతకాలేదు.